మోషన్స్ మొదలవ్వగానే గోలీ వేస్తున్నారా? పేగుల్లో జరిగేది ఇదీ..

వానాకాలం వచ్చిందంటే చాలు.. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఎక్కడైనా మెడికల్ షాపు ముందు వినిపించే మాట ఒకటే. "మోషన్స్ ఆగుతలేవు, ఏదన్న గోలీ ఇయ్యి!"

గోలీతో మోషన్స్ ఆగొచ్చు. మరి లోపలున్న బ్యాక్టీరియా పోయినట్టేనా? కానే కాదు.

కలుషిత నీళ్లతోనో, తిండితోనో సాల్మొనెల్లా, షిగెల్లా లాంటివి పేగుల్లోకి చేరితే పేగు గోడ కణాలు వెంటనే పసిగడతాయి. తెల్ల రక్తకణాలు అక్కడికి పరుగెత్తుకొస్తాయి. పేగు వాచిపోతుంది, నీళ్లు బయటికి పోతాయి. అంటే జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు చాలావరకు మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ చేసే పోరాటమే!

ఈ పోరాటం హద్దు దాటితే మన పేగుకే పుండ్లు పడతాయి. అందుకే దీనికో బ్రేక్ ఉంది. రెగ్యులేటరీ టీ కణాలు, ఇంటర్‌ల్యూకిన్-10 అనే ప్రొటీన్ కలిసి వాపును అదుపులో పెడతాయి. ఈ కణాల గుట్టు విప్పిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకే 2025లో వైద్య నోబెల్ దక్కింది. బ్రేక్ ముందే పడితే క్రిములదే పైచేయి. అసలు పడకపోతే ఇంకా ప్రమాదం. ఇంటర్‌ల్యూకిన్-10 పనిచేయని జన్యులోపంతో పుట్టిన పిల్లలకు నెలల వయసులోనే పేగులు తీవ్రంగా దెబ్బతింటాయి.

టైఫాయిడ్ క్రిమిది మాత్రం వేరే లెక్క. 'వీఐ' అనే చక్కెర పదార్థాన్ని ముసుగులా కప్పుకుని రక్షణ వ్యవస్థ కళ్లుగప్పుతుంది. పేగుల్లో మొదట పెద్ద గొడవే ఉండదు. వారం, రెండు వారాల తర్వాత జ్వరంతో బయటపడుతుంది. వైద్యం అందకపోతే మూడో వారంలో పేగుకు చిల్లు పడే ముప్పుంది. విడాల్ టెస్టు ఒక్కటే చూసి టైఫాయిడ్ అని తేల్చేయడం కూడా సరికాదు, బ్లడ్ కల్చర్ నమ్మదగింది. విశేషమేంటంటే.. ఆ ముసుగు పదార్థంతోనే హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ 'టైప్‌బార్ టీసీవీ' టీకా తయారుచేసింది. 6 నెలలు నిండిన పిల్లలకూ వేయొచ్చు.

మరి ఇంట్లో ఎవరికైనా మోషన్స్ అయితే? ముందు ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపాలి. చిన్నపిల్లలకు డాక్టర్ చెప్పిన మోతాదులో జింక్ కూడా ఇవ్వాలి. యాంటీబయాటిక్ సొంతంగా వాడొద్దు. జ్వరంతో పాటు రక్తం పడుతుంటే మోషన్స్ ఆపే గోలీ అస్సలు వద్దు, పేగు కదలిక తగ్గి క్రిములు లోపలే ఉండిపోతాయి. రక్తం పడినా, మూత్రం తగ్గినా, కళ్లు లోతుకు పోయినా ఆలస్యం చేయకుండా దగ్గర్లోని సర్కారు దవాఖానకు తీసుకెళ్లాలి.