ఒకచోట కార్లు... ఇంకోచోట బీళ్లు!

హిందూపురంలో రైలెక్కితే పెనుకొండ మీదుగా ధర్మవరం చేరతాం. రైలు రావాలన్నా, రోడ్డు పడాలన్నా, ఫ్యాక్టరీ కట్టాలన్నా భూమి కావాల్సిందే. ప్రజావసరమని సర్కారు అడిగితే రైతు కాదనడం కష్టం. ఆస్తి హక్కు 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల జాబితాలోంచి బయటికొచ్చింది. ఇప్పుడున్న రక్షణ రాజ్యాంగంలోని 300-ఎ అధికరణం. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని చెబుతుందది.

మరి, ఇచ్చిన భూమి ఏమవుతుంది? ఈ చుట్టుపక్కలే రెండు జవాబులున్నాయి.

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది. 2019 కల్లా కార్లు రోడ్డెక్కాయి. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కట్టిన ఫ్యాక్టరీ అది.

హిందూపురానికి దగ్గర్లోని చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో కథ వేరు. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో దాదాపు 8,844 ఎకరాలు ఏపీఐఐసీ ద్వారా ఓ ప్రైవేటు సంస్థకు వెళ్లాయి. వేలల్లో ఉద్యోగాలన్నారు. చివరికి మిగిలినవి బ్యాంకుల తాకట్లు, సీబీఐ దర్యాప్తు, కోర్టు కేసులు. చెప్పిన పరిశ్రమలు మాత్రం రాలేదు.

అప్పట్లో ఉన్నది 1894 నాటి చట్టం. దాని స్థానంలో 2014 జనవరి 1 నుంచి కొత్త చట్టం అమల్లోకొచ్చింది. ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం కుటుంబాల సమ్మతి కావాలి. సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలి. అయితే రాష్ట్రం 2018లో చేసిన సవరణతో కొన్ని రకాల ప్రాజెక్టులకు వీటినుంచి మినహాయింపు దొరుకుతుంది. పరిహారానికి తోడు నూరు శాతం సొలేషియం ఉంటుంది. మూడేళ్లుగా ఆ భూమినే నమ్ముకున్న కౌలుదార్లూ, కూలీలూ బాధిత కుటుంబాల లెక్కలోకి వస్తారు.

తెలుసుకోవాల్సినవి మరో రెండున్నాయి. ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడ్డాక అభ్యంతరాలకు 60 రోజుల గడువుంటుంది. వాటిని రాతపూర్వకంగానే ఇవ్వాలి. పరిహారం తక్కువనిపిస్తే, డబ్బు తీసుకునేటప్పుడే 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాయాలి. అలా రాయకుండా సంతకం పెడితే ఎక్కువ కావాలని తర్వాత అడిగే దారి మూసుకుపోతుంది!

అన్నిటికన్నా ముందు పాస్‌బుక్, అడంగల్, 1బి చూసుకోవాలి. చాలా ఇళ్లలో భూమి ఇంకా తాతగారి పేరుమీదే ఉంటుంది. నోటీసూ ఆ పేరుకే వస్తుంది. వారసుల పేర్లు ఎక్కించుకోవడానికి ఇది మంచి సమయం... నోటీసు వచ్చాక కాదు.