ఇంజన్ ఎందుకు కాగిపోతుంది?

సెలవుల్లో మా మామ టమాటా బండిలో కుప్పం నుంచి మదనపల్లె మార్కెట్టుకు పోయినాను. పలమనేరు దాటినాక మీటరు ముల్లు 'హెచ్' మీదికి పోయింది. మామకు చదువు రాదు. నాకు వచ్చినా, హెచ్ అంటే హాట్ అని తట్టలేదు! పుంగనూరు దగ్గర బానెట్లోంచి ఆవిరి బుస్సుమంది. మామ తొందరపడి రేడియేటర్ మూత తిప్పేసినాడు. నీళ్లు ఎగజిమ్మి చెయ్యంతా బొబ్బలు.

అది ప్రెషర్ కుక్కర్ మాదిరే. మూత బిగించి ఉంటే లోపల ఒత్తిడికి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీస్తే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి పైకి లేస్తాయి.

మెకానిక్ అన్న ముందు మామ చెయ్యి చల్లనీళ్లలో పెట్టించినాడు. బండిని అరగంట ముట్టనే లేదు. కాగిన ఇంజన్లో చల్లనీళ్లు పోస్తే పగిలిపోవచ్చంట. చల్లారినాక చూస్తే పైపులు కారడం లేదు. ఫ్యాన్ బెల్టు నొక్కితే మాత్రం ఊయల తాడులా ఊగింది. ఆ బండిలో నీళ్ల పంపును, ఫ్యాన్‌ను తిప్పేది ఆ బెల్టే. అది జారితే నీళ్లు సరిగా తిరగవు, గాలీ తగలదు. బెల్టు బిగించి, తగ్గిన నీళ్లు పోసినాడు.

మదనపల్లె చేరేసరికి వేలంపాట అయిపోయింది. టమాటాలు మర్నాటిదాకా బండిలోనే ఉన్నాయి.