దూరం నుండి పంపుసెట్టు నియంత్రణ: ఫోన్ తెర తెలిపేది ఎంత?

బోరుబావి మోటారును సెల్‌ఫోన్ ద్వారా నడిపే మొబైల్ స్టార్టర్లు రాత్రివేళ పొలానికి వెళ్లే శ్రమను, పాముకాటు భయాన్ని తగ్గించాయి. అయితే తెరపై ‘మోటారు ఆన్’ అని కనిపించినంత మాత్రాన కాలువలో నీరు పారుతున్నట్లు కాదు. స్టార్టరులోని కాంటాక్టరు కలిసిందనేంతవరకే ఆ సందేశానికి అర్థం కావచ్చు.

నీరందని సబ్‌మెర్సిబుల్ పంపుపై భారం తగ్గి, మోటారు తీసుకునే కరెంటు పడిపోతుంది. ఒక ఫేజు పోయినచో మిగిలిన రెండింటిలో కరెంటు పెరిగి వైండింగు కాలుతుంది. కనుక తెరపై ఆంపియర్లు, మూడు ఫేజుల వోల్టేజి, ముఖ్యంగా ఆ కొలత తీసుకున్న సమయం కనిపించాలి. సిగ్నల్ తెగిన తరువాత కూడా పాత అంకే తెరపై నిలిచి ఉండవచ్చు. ఆ స్థితిలో ‘ఆఫ్’ ఆదేశమూ బావికి చేరదు. అందువల్ల నీరు లేనప్పుడు, ఫేజు పోయినప్పుడు మోటారును ఆపే రక్షణ నెట్‌వర్కుతో నిమిత్తం లేకుండా స్టార్టరులోనే ఉండాలి.

ప్రదర్శనలలో మనం ఫోన్ నొక్కి చూపి ముగిస్తున్నాము. మరమ్మతు సంగతి చెప్పము. మెకానిక్ చేయి తీగలపై ఉండగా పట్నంలోని కుమారుడు మోటారు వేయవచ్చు. మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసి మెకానిక్ తన వద్దనే ఉంచుకోవాలి. ఫోన్‌లో ‘ఆఫ్’ చేయడం దీనికి ప్రత్యామ్నాయం కాదు.