130 కేసుల కోసం 25,800 మంది!

మందు కనిపెట్టడం ఒక ఎత్తు. అది పనిచేస్తుందో లేదో తేల్చడానికి మనుషుల్ని కూడగట్టడం మరో ఎత్తు! హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌నే తీసుకోండి. 2020 నవంబరు 16న మొదలైన మూడోదశ ప్రయోగానికి 25 ఆసుపత్రుల్లో కలిపి కావలసిన వాలంటీర్లు దాదాపు 25,800 మంది.

అంతమంది ఎందుకు? టీకా సత్తా తెలియాలంటే వాలంటీర్లలో కొందరికి కరోనా సోకాలి. అలాగని కావాలని అంటించరు కదా! లక్షణాలున్న కేసులు 130 వచ్చేదాకా చూడాలని ముందే లెక్క వేసుకున్నారు. వందలో ఒకరికైనా వస్తుందో రాదో తెలియని జబ్బుకు ఆమాత్రం జనం ఉండాల్సిందే. జబ్బు తగ్గితే ఊరికి సంతోషం, ప్రయోగానికి ఆలస్యం. విడ్డూరమైన లెక్కే మరి!

పిలిస్తే వస్తారా? వచ్చినవాళ్లలో సగం మందికి పడేది ప్లాసిబో... అంటే ఉత్తుత్తి టీకా. ఎవరికి ఏది పడిందో వాళ్లకూ తెలియదు, వేసినవాళ్లకూ తెలియదు. నాలుగు వారాల తేడాతో రెండు సూదులు, ఆపైన నెలల తరబడి వాకబులు, పరీక్షలు. పని మానుకోవాలి, ఇంట్లోవాళ్లను ఒప్పించాలి. ఇంతలో 2021 జనవరి 3న టీకాకు అత్యవసర అనుమతి వచ్చేసింది. అసలుది బయట దొరుకుతుంటే ఉత్తుత్తి సూదికి ఎవరు నిలబడతారు? నిలబడమనడం న్యాయమేనా? జనవరి 7కల్లా చేరికలు పూర్తయ్యాయి కాబట్టి సరిపోయింది. చివరికి తేలిన 130 కేసుల్లో టీకా పడినవారు 24 మంది, ప్లాసిబో పడినవారు 106 మంది. 77.8 శాతం సామర్థ్యమన్న మాట అలా వచ్చిందే.

తెలుగునాట జనం వెనకాడటానికి ఇంకో కారణమూ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. వారిలో గిరిజన హాస్టళ్ల పిల్లలూ ఉన్నారు. నిర్వాహకులు మాత్రం అది ప్రయోగం కాదన్నారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలింది వేరే: చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి! మరో 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. వాళ్లకు ఏం చెప్పి వేయించారో!

తర్వాత నిబంధనలు బిగిశాయి. 2019 నియమావళి ప్రకారం ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. చదువురానివారికి పత్రం చదివి వినిపించేటప్పుడు ప్రయోగంతో సంబంధం లేని సాక్షి పక్కనుండాలి. సంతకం పెట్టాక కూడా ఎప్పుడైనా తప్పుకోవచ్చు.