తన దేశాన్నే కొట్టమన్న కవి

స్వాతంత్ర్యం కోరే కవి శత్రువును శిక్షించమని దేవుణ్ణి వేడుకోవడం పరిపాటి. రవీంద్రుడు తన దేశాన్నే కొట్టమన్నాడు! 1901లో వెలువడిన ‘నైవేద్య’లోని ఒక గీతంలో, మనిషి భయం లేకుండా తలెత్తుకు బతికే స్వర్గాన్ని చూపించి, కనికరించక కొట్టి అయినా సరే భారతదేశాన్ని అందులోకి మేల్కొలపమని పరమేశ్వరుణ్ణి ప్రార్థించాడు. 1912 నాటి ఆంగ్ల ‘గీతాంజలి’లో ఆ దెబ్బను తానే వదిలివేశాడు, భారతదేశమన్న పేరూ తీసివేశాడు. మన పిల్లలకు ఎక్కువగా తెలిసినది ఆ మెత్తని పాఠమే. అందుకే నేను క్లాసులో మూలంలోని దెబ్బను తప్పక చెబుతాను. 1947లో పరాయి దొరతనం పోయింది. మనలోని భయమూ, గుడ్డి ఆచారమూ ఓడ ఎక్కించి పంపితే పోయేవి కావు గదా! నిజమైన స్వాతంత్ర్యం అడిగేవాడు మొదటి దెబ్బకు తన వీపే చూపాలి.