పాఠం ఉచితం, పరీక్షకు వెయ్యి

ఆగిరిపల్లి చుట్టుపక్కల బీటెక్ చదివే పిల్లలకు బుధవారం రాత్రి 11:59 పెద్ద ముహూర్తం. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సుల్లో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్‌కు సాధారణంగా గడువు అదే. పదిన్నర దాకా వీడియో తెరవనివాళ్లు కూడా మంచి మార్కులతో బయటపడుతుంటారు. జవాబులు అంతకుముందే వాట్సాప్‌లో తిరుగుతాయి కాబట్టి, ఇందులో తెలివితేటలతో పెద్దగా పనిలేదు.

అలాగని ఆ పాఠాలను చులకన చేయడానికి లేదు. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి మొదలుపెట్టిన పని ఇది. ఐఐటీ సీటు రాని పిల్లవాడు పైసా కట్టకుండా ఐఐటీ ప్రొఫెసర్ పాఠం వినొచ్చు. 2014 నుంచి సర్టిఫికెట్లూ ఇస్తున్నారు. 2017లో కేంద్రం ఇలాంటి ఆన్‌లైన్ కోర్సులకు ‘స్వయం’ అనే వేదిక తెచ్చింది. సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా అందులో చేసినా క్రెడిట్లు ఇవ్వొచ్చని 2021లో యూజీసీ చెప్పింది.

చేరడం తేలికే, నిలవడమే కష్టం. 2011లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్లు చెప్పిన కృత్రిమ మేధ కోర్సులో లక్షా అరవై వేల మంది చేరితే, పూర్తి చేసింది ఇరవై వేల పైచిలుకు. అది మంచి రోజుల మాట. హార్వర్డ్, ఎంఐటీల ఎడెక్స్ కోర్సులపై 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, 2017-18లో చేరినవాళ్లలో చివరిదాకా ఉన్నది 3.13 శాతమే. నూజివీడు మామిడి రైతుకు ఇదేమీ వింత కాదు. పూతంతా కాయ కాదని ఆయనకు తెలుసు, అందుకని చెట్టును తిట్టడు. అయితే అదే లెక్కలో, డబ్బు కట్టి సర్టిఫికెట్ కోసం చేరినవాళ్లలో 46 శాతం పూర్తి చేశారు. గట్టిగా అనుకున్నవాడే డబ్బు కడతాడు నిజమే. కట్టాక వదిలేయడానికి మనసొప్పదన్నదీ నిజమే.

ఎన్‌పీటెల్ కిటుకూ ఇదే. పాఠం ఉచితం, పరీక్షకు వెయ్యి రూపాయలు. పరీక్షా కేంద్రానికి వెళ్లి, నిఘా మధ్య కూర్చుని రాయాలి. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. పరీక్షలో 30 రాకపోతే, వాట్సాప్ దయతో 25కి 25 తెచ్చుకున్నా సర్టిఫికెట్ లేదు.

ఇక భాష. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడికి సబ్జెక్టు కంటే ముందు ఇంగ్లీషు అడ్డం వస్తుంది. చాలా కోర్సుల పాఠాలను తెలుగులోకి రాతపూర్వకంగా తెచ్చారు. అవి ఉన్నాయని పిల్లలకు చెప్పేవాళ్లే తక్కువ.

తెర ఒక్కటే చాలదన్న సంగతి మన పక్కనే ఉన్న నూజివీడు ట్రిపుల్ ఐటీని చూసినా తెలుస్తుంది. 2008లో పల్లెటూరి పదో తరగతి టాపర్లను తెచ్చి, చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు. కానీ ఇచ్చి ఇంటికి పంపలేదు. హాస్టల్లో ఉంచి, టైంటేబుల్ పెట్టి, పక్కన మెంటర్‌ను నిలిపారు.

కాబట్టి కాలేజీ యాజమాన్యాలకు ఒక విన్నపం. ఎంతమందిని చేర్పించామన్న ఫ్లెక్సీ తర్వాత కట్టుకోవచ్చు. ముందు వారానికో సాయంత్రం ఒక ల్యాబ్ తెరిచి ఉంచండి, ఒక లెక్చరర్‌ను కూర్చోబెట్టండి, పరీక్ష ఫీజు కట్టలేని పిల్లలకు మీరే కట్టండి.