గిరి గారిని ఓడించిన లెక్క, గెలిపించిన లెక్క

రాష్ట్రపతి ఎన్నికలో సిక్కిం ఎమ్మెల్యే ఓటు విలువ 7. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేది 208. దేశంలో అతి చిన్నదీ అతి పెద్దదీ ఇవే. ఇద్దరికీ ఇచ్చేది ఒకే రకం గులాబీ రంగు బ్యాలెట్, ఒకే రకం ఊదా సిరా పెన్ను. ఎంపీలకైతే ఆకుపచ్చ కాగితం.

ఈ అంకెలు 55వ అధికరణం లెక్క ప్రకారం వచ్చినవి. రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించాలి, వచ్చినదాన్ని మళ్లీ వెయ్యితో భాగించాలి. శేషం 500 గానీ అంతకు మించి గానీ ఉంటే ఒకటి కలపాలి. శేషాన్ని ఏం చేయాలో కూడా రాజ్యాంగంలోనే రాసిపెట్టారంటే ఆ రాసినవాళ్లు గట్టివాళ్లే. జనాభా మాత్రం 1971 నాటిది. సిక్కిం భారత్‌లో కలిసింది 1975లో. అయినా దాని ఎమ్మెల్యేల ఓటుకు విలువ కట్టేది 1971లో అక్కడున్న రెండు లక్షల పైచిలుకు జనంతోనే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా ఆ లెక్కల్లో 4,35,02,708. దాన్ని 294 మందికి పంచితే ఓటు విలువ 148. రాష్ట్రం రెండయ్యాక ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 159కి పెరిగింది, తెలంగాణ ఎమ్మెల్యే ఓటు 132కి తగ్గింది. ఎంపీ ఓటు విలువ 2017లో 708 ఉంటే 2022లో 700 అయింది. ఎంపీలు చేసిందేమీ లేదు. ఎమ్మెల్యేల ఓట్ల మొత్తాన్ని ఎంపీల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే వాళ్ల ఓటు విలువ. అప్పటికి జమ్మూకశ్మీర్‌కు అసెంబ్లీ లేకపోవడంతో ఆ మొత్తమే తగ్గింది.

రెండు సీట్లూ గిరిజనులకే

1952, 1957 సార్వత్రిక ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి సభ్యులు గెలిచేవారు. ఒక సీటు షెడ్యూల్డ్ కులాలకో తెగలకో రిజర్వు, రెండోది జనరల్. ఓటరుకు రెండు ఓట్లు, కానీ రెండూ ఒకరికే వేయకూడదు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది, నచ్చినవారి పెట్టెలో కాగితం వేసి రావడమే.

1957లో పార్వతీపురం అలాంటి లోక్‌సభ నియోజకవర్గం. కేంద్రంలో కార్మిక మంత్రిగా చేసి వచ్చిన వి.వి.గిరి కాంగ్రెస్ అభ్యర్థి. జనరల్ సీటు ఆయనదేనని ఎవరైనా అనుకుంటారు. రిటర్నింగ్ అధికారి ముందుగా గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చిన బిడ్డిక సత్యనారాయణను రిజర్వుడు సీటుకు ప్రకటించారు. తర్వాత మిగిలిన అందరిలో ఎక్కువ ఎవరికి వచ్చాయో చూశారు. అక్కడా ముందున్నది గిరిజన అభ్యర్థే, డిప్పల సూరిదొర. గిరి ఐదారు వందల ఓట్ల తేడాతో ఓడిపోయారు.

రిజర్వేషన్ కింద నామినేషన్ వేసిన మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో కోర్టు ఒప్పుకోలేదు. రిజర్వేషన్ అంటే గిరిజనులకు కనీసం ఒక సీటు దక్కాలనే హామీ, ఒక్కటే దక్కాలన్న హద్దు కాదన్నది ఆ తీర్పు సారాంశం. నాకైతే అందులో తప్పు కనిపించదు, ఎక్కువ ఓట్లు వచ్చినవారే కదా గెలిచింది. పార్లమెంటు మాత్రం 1961లో చట్టం తెచ్చి ద్విసభ్య నియోజకవర్గాలనే ఎత్తేసింది.

అదే గిరి పన్నెండేళ్లకు ఇంకో లెక్కలో గట్టెక్కారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో అసలు పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్య. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఇందిరాగాంధీ అండ ఉన్న స్వతంత్రుడు గిరి. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవాలంటే 4,18,169 రావాలి. అడుగున ఉన్నవారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ రెండో ప్రాధాన్యాలు కలుపుతూ వెళితే దేశ్‌ముఖ్ ఓట్లలో ఎక్కువ భాగం సంజీవరెడ్డికే పడ్డాయి. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. రెండో ప్రాధాన్య ఓట్లతో తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే. దాని మీద కేసు పడితే పదవిలో ఉండగానే గిరి సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. పిటిషన్లు కొట్టేశారు. సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. వచ్చిన 37 నామినేషన్లలో 36 తిరస్కరించారు. పోటీ లేకుండా రాష్ట్రపతి అయిన రికార్డు ఆయనదే.

శేషం సంగతి రాయని చోట

అమెరికా రాజ్యాంగం ప్రతినిధుల సభ సీట్లను జనాభాను బట్టి పంచమంది, 30 వేల మందికి ఒకరిని మించొద్దంది. భిన్నం మిగిలితే ఏం చేయాలో చెప్పలేదు. దాంతో 1792లో కాంగ్రెస్ పంపిన పంపకం బిల్లును జార్జి వాషింగ్టన్ తిప్పిపంపారు. అమెరికా చరిత్రలో మొట్టమొదటి వీటో అదే. 1880 జనగణన తర్వాత వాళ్ల గుమాస్తాలు ఇంకో చిత్రం చూశారు: సభలో 299 సీట్లుంటే అలబామాకు 8, మొత్తం 300కు పెంచితే 7! పద్ధతులు మార్చుకుంటూ వచ్చినా చివరి సీటు తంటా తప్పలేదు. 2020 లెక్కల్లో ఇంకో 89 మంది ఉంటే న్యూయార్క్ కోల్పోయిన సీటు నిలిచేది.

మన లోక్‌సభ సంగతి వేరు. రాష్ట్రాల మధ్య సీట్ల పంపకం 1971 జనాభా దగ్గరే ఆగింది. 1976లో 42వ సవరణ ఆపింది, 2001లో 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాతి జనగణన దాకా పొడిగించింది. హద్దులు మాత్రం 2001 లెక్కలతో మారాయి. 2024లో దేశంలో అత్యధిక ఓటర్లున్న నియోజకవర్గం మన మల్కాజిగిరి, 37 లక్షలకు పైనే. అతి తక్కువ లక్షద్వీప్, 60 వేల లోపు. రెండు చోట్లా గెలిచేది ఒక్క ఎంపీయే.

2014 విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కు, తెలంగాణవి 119 నుంచి 153కు పెంచాలంది. ఏళ్లు గడిచినా ఒక్క సీటు పెరగలేదు. జమ్మూకశ్మీర్‌లో 83ను 90 చేశారుగా, మాకెందుకు చేయరని కొందరు సుప్రీంకోర్టుకెక్కారు. ఆ సెక్షన్ 170వ అధికరణానికి లోబడే ఉందని, 2026 తర్వాతి మొదటి జనగణన అంకెలు వచ్చేదాకా రాష్ట్రాల సీట్లు కదపకూడదని ఆ అధికరణం చెబుతోందని 2025 జులైలో కోర్టు తేల్చింది. జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి దానికి ఈ అడ్డు లేదట. విభజన వల్ల ఎమ్మెల్యే ఓటు విలువ వెంటనే మారింది గానీ, అదే చట్టం మాటిచ్చిన సీట్లు మాత్రం రాలేదు. ఆ మొదటి జనగణనకు ప్రామాణిక తేదీగా కేంద్రం నోటిఫై చేసింది 2027 మార్చి 1.